పన్ను విరిగితే ఇంటి సంగతులెందుకు?

ఒరేయ్ మిత్రమా,

మీవాడి ముందు పన్ను విరిగిందని రాశావు. దానికన్నా, "ఇంట్లో ఎవరెవరుంటారు? బాబు సాయంత్రాలు ఎవరితో తిరుగుతాడు?" అని డాక్టరుగారు ఆరా తీయడమే నీకు ఎక్కువ మండినట్టుంది. "పన్ను చూడమంటే నా సంసారం చూస్తాడా" అన్న మాటకు గట్టిగా నవ్వాను. అయినా నేను ఆయన పక్షమే. తిట్టుకో, కాకపోతే పూర్తిగా చదివి తిట్టుకో.

బడికెళ్లే వయసులో ఎక్కువగా దెబ్బతినేవి పైవరస మధ్య పళ్లు. ఎత్తుపళ్లయి, పెదవి వాటిని సరిగా కప్పకపోతే ముప్పు ఎక్కువ. ఆడపిల్లలకన్నా మగపిల్లలకు ఎక్కువ. ఇంతవరకూ నోట్లో కనిపించే లెక్కే. మరి ఒకే తీరు పళ్లున్న ఇద్దరిలో ఒకడిదే ఎందుకు విరుగుతుంది?

బ్రెజిల్‌లోని సియానోర్తె అనే ఊళ్లో 13 ఏళ్ల పిల్లల పళ్లు పరీక్షించి, వాళ్ల ఇళ్ల సంగతులూ కనుక్కున్నారు. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. తల్లిదండ్రులిద్దరూ కలిసి లేని ఇళ్లలో, తండ్రి కఠినంగా దండించే ఇళ్లలో పిల్లలకు పళ్ల గాయాలు ఎక్కువని తేలింది. తండ్రులు కొట్టి పళ్లు రాలగొట్టారని దీని అర్థం కాదు (అలాంటివాళ్లూ ఉంటారు, అది వేరే కథ). ఇంట్లో ఊపిరాడని పిల్లవాడు బయటే ఎక్కువసేపు గడుపుతాడు, చిన్నమాటకే తగవుకు దిగుతాడు, గోడ దూకమంటే ముందు వెనకా చూడడు. నాకు తోచే కారణం ఇదే. ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లిని దీనికి తప్పుపట్టడం మాత్రం అన్యాయం. పగలంతా పనిలో ఉన్న మనిషి వాడి వెంట ఎలా తిరుగుతుంది? ఆ దేశంలోనే మరో పరిశీలనలో, ఇరుగుపొరుగు ఒకరినొకరు పట్టించుకునే పేటల్లో మగపిల్లలకు ఈ గాయాలు తక్కువగా కనిపించాయి.

డబ్బు సంగతి మాత్రం తికమకే. కొన్నిచోట్ల పేదపిల్లలకు ఎక్కువ, కొన్నిచోట్ల సైకిళ్లు, స్కేటింగ్, ఈతకొలనులు అందుబాటులో ఉన్న కలిగినవారి పిల్లలకే ఎక్కువ. తేడా అసలు బయటపడేది దెబ్బ తగిలాక. ఒకడికి విరిగిన ముక్క వారంలో అతికిస్తారు. ఇంకొకడు అలాగే తిరుగుతాడు. లోపల నరం చచ్చి, పన్ను బూడిదరంగుకు తిరుగుతుంది. నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైపోతుంది.

భయం చేసే చేటు ఇంకోటుంది. శాశ్వత పన్ను వేరుతో సహా ఊడితే, వేరును తాకకుండా పైభాగం పట్టుకుని, మట్టి అంటితే నీళ్లతో క్షణకాలం కడిగి, వెంటనే ఆ గుంటలోనే పెట్టాలి. కుదరకపోతే పాలలో వేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు. ఇంత తొందర ఎందుకంటే, వేరు మీది కణాలు ఎండితే అరగంట, గంటలోనే చచ్చిపోతాయి. ఇంటికి వెళితే తన్నులే అనుకున్న పిల్లవాడు ఆ పన్ను జేబులో వేసుకుని చీకటిపడేదాకా తిరుగుతాడు. చెప్పే ధైర్యం లేక పోయే పళ్లు ఇవి.

అన్నట్టు, అతికించాక పని అయిపోయిందనుకోకు. నరం నెలల తర్వాత కూడా చావొచ్చు, రమ్మన్నప్పుడల్లా తీసుకెళ్లు. ఇంకోటి, అంత పొడుగు ఉత్తరంలో వాడు ఎలా పడ్డాడో ఒక్కమాటైనా రాయలేదు నువ్వు. వాణ్ణే అడిగి, వాడు చెప్పింది చెప్పినట్టు రాయి.

నీ స్నేహితుడు