మీరు మూసేసిన ఫిర్యాదు టికెట్ గురించి

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

నమస్కారం. మందన్నాక దుష్ప్రభావాలు ఉంటాయి, ఆ మాత్రం నాకూ తెలుసు. మా అమ్మ మోకాళ్ల నొప్పులకు డాక్టరు గారు మీ ఎటోరికాక్సిబ్ మాత్ర రాశారు. వాడుతుండగా పాదాలు ఉబ్బాయి, ఎప్పుడూ అదుపులో ఉండే బీపీ ఎక్కడికో పోయింది. డాక్టరు గారు మాత్ర ఆపించారు, వాపు తగ్గింది. అక్కడితో అయిపోయేది. ఈ సంగతి తయారుచేసినవాళ్లకు కూడా చెబితే మంచిదని నాకు అనిపించడంతో అసలు కథ మొదలైంది.

స్ట్రిప్ వెనక భూతద్దం పెడితే తప్ప కనపడని మీ నంబరుకు ఫోన్ చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమన్నారు. నొక్కితే హిందీలో ఒకాయన వచ్చాడు. నా వచ్చీరాని హిందీ కాసేపు విని, పేషెంటుతోనే మాట్లాడాలన్నాడు. ఫోన్ అమ్మకిచ్చాను. "బిడ్డా, కాళ్లు ఉబ్బినయి" అని ఆమె చెప్పడం మొదలుపెట్టగానే లైను కట్టయింది. పాపం, విని తట్టుకోలేకపోయాడేమో.

తర్వాత దొరికిన మేడమ్‌కు తెలుగు వచ్చు. "మీ డాక్టర్‌ని కన్సల్ట్ అవ్వండి సార్" అన్నారు. అయ్యాం మేడమ్, ఆయన మందు కూడా ఆపేశారు, ఇది మీరు రాసుకోవాల్సిన విషయం అన్నాను. "మేము వైద్య సలహాలు ఇవ్వం సార్" అన్నారు. సలహా అడిగిందెవరు? ఏం చెప్పినా అదే వాక్యం, అదే గొంతు. గోడతో మాట్లాడినా కనీసం ప్రతిధ్వని నా మాటలతోనే వచ్చేది.

ఆ పైన ఇంకొకరు బ్యాచ్ నంబరు లేనిదే సిస్టం ముందుకు పోదన్నారు. మీరెప్పుడైనా మెడికల్ షాపులో మందులు కొన్నారా? ఐదు మాత్రలడిగితే కత్తెరతో ముక్క కోసి చేతిలో పెడతారు. బ్యాచ్ నంబరున్న ముక్క షాపులోనే ఉంటుంది. డబ్బాలో మీరు మడిచి పెట్టే జాగ్రత్తల కాగితం కూడా అక్కడే ఉంటుంది. బీపీ అదుపులో లేనివాళ్లు ఈ మాత్ర వాడకూడదని యూరప్‌లో పేషెంటుకిచ్చే కాగితంలోనే ఉంటుంది. అమెరికా అయితే 2007లో దీనికి అనుమతే ఇవ్వలేదు. ఇవన్నీ నేను తర్వాత వెతుక్కుని చదువుకున్నవి. మీవాళ్లు ఒక్కరైనా, పొరపాటున కూడా, ఆమెకు బీపీ ఉందా అని అడగలేదు.

సరే, షాపుకెళ్లి ఆయన్ని బతిమాలి పాత బిల్లు తీయించి బ్యాచ్ నంబరు పట్టుకొచ్చాను. ఈసారి ఫోనెత్తింది కొత్త మనిషి. "మొదటి నుంచి చెప్పండి సార్." చెప్పాను. దుష్ప్రభావాలు నమోదు చేసే విభాగానికి కలపమంటే, "అలాంటి డిపార్ట్‌మెంట్ మాకు లేదు సార్" అన్నాడు. లేదా? ఉండి తీరాలని 2016 నుంచి ప్రభుత్వ నిబంధన ఉంది. మీ ఆఫీసులో ఏ అంతస్తులో ఉందో మీరైనా అతనికి చెప్పండి.

చివరికి మెయిల్ చేశాను, బిల్లు, డాక్టరు చీటీ జతచేసి. "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, మా సేవలకు రేటింగ్ ఇవ్వండి" అని జవాబొచ్చింది. టికెట్ మూసేశారు. ఎవరు పరిష్కరించారు, ఏం పరిష్కరించారు? తెలిస్తే నేనూ సంతోషిద్దును.

మా నాన్న బతికున్న రోజుల్లో షాపువాడు తక్కువ ధరది చూపించినా, మీ కంపెనీ మాత్రే కావాలని పట్టుబట్టేవారు. గ్యాస్ మాత్ర నుంచి దగ్గు మందు దాకా మా ఇంటి మందుల డబ్బా నిండా మీ పేరే. ఆ నమ్మకానికి మీరిచ్చిన విలువ ఒక ఆటోమేటిక్ మెయిలు.

నాకు డబ్బులొద్దు, కూపన్లొద్దు. తెలుగు వచ్చిన మనిషి ఒకరు ఫోన్ చేసి, మా అమ్మ చెప్పేది మధ్యలో ఆపకుండా రాసుకుని, రాసుకున్నట్టు ఒక కాగితం పంపితే చాలు. మీకు అది కూడా బరువైతే 1800-180-3024కి చేస్తాను. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే ప్రభుత్వ కార్యక్రమం, ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియా వాళ్లది, టోల్ ఫ్రీ. పేషెంట్లు నింపే ఫారం వాళ్ల దగ్గర తెలుగులోనే ఉంది, మీకు లేని తీరిక ప్రభుత్వానికి దొరికింది చూడండి. దాని నకలు డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు పోతుంది, ఇంకోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. మా కాలనీలో మోకాళ్ల నొప్పులు లేని ఇల్లు లేదు, సాయంత్రం గుడి అరుగు మీద వాళ్లందరికీ మీ కాల్ సెంటర్ కథ నేనే చెబుతాను.

ఈసారి వచ్చే జవాబు కింద ఒక మనిషి పేరుండాలి. రేటింగ్ అడిగే లింకు మళ్లీ వచ్చిందో, తర్వాతి కాగితం మీకు కమిషన్ నుంచే అందుతుంది.

ఇట్లు,
మీ సిస్టం లెక్కలో సంతృప్తి చెందిన వినియోగదారుడు,
హనుమకొండ