నాన్నగారూ, ఆ రంపం వెనక్కి ఇచ్చేశాను

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. ఉద్యోగం మామూలే. అమ్మా, మొన్న ఫోనులో నువ్వు చూసిన కట్టు సంగతి ముందు చెబుతాను. అది రంపం కోత కాదు. ప్లైవుడ్ అంచు నున్నగా ఉందో లేదోనని వేలితో నిమిరితే పేడు గుచ్చుకుంది, అంతే. తీసేశాను, మానిపోయింది. పది వేళ్లూ భద్రంగా ఉన్నాయి.

ఇక నాన్నగారికి. పాప పుస్తకాలకు అలమర చేద్దామని కొన్న సర్క్యులర్ సా, అదే గుండ్రటి బ్లేడు తిరిగే కరెంటు రంపం, నన్ను బాగా ఏడిపించింది. పెట్టె మీద బొమ్మలో మనిషి నవ్వుతూ కోస్తున్నాడు. నా చేతిలో అది మూలిగింది, చెక్క మాడిన వాసన వచ్చింది. తిట్టుకున్నాను కానీ మొదటి తప్పు నాదే. సన్నటి పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు వాడాను. అంత దూరంలో ఓల్టేజీ పడిపోతే మోటారుకు బలం ఎక్కడిది? లావుపాటి పొట్టి వైరు వేశాక దాని గొంతే మారింది.

పైముఖం పెచ్చులుగా లేవడం కూడా నా తెలివితక్కువే. దీని పళ్లు కింద నుంచి పైకి కోస్తాయి కదా, మంచి ముఖాన్ని కిందికి తిప్పి పెట్టాలి. వెంట వచ్చిన 24 పళ్ల బ్లేడు తీసి 40 పళ్లది బిగించాను. రంపం మీద కోపం వస్తే ముందు పళ్లు చూడమనేవారు మీరు. ఆ మాట నాకు మూడో రోజున గుర్తొచ్చింది.

అయినా అంచు మాడడం ఆగలేదు. ప్లగ్గు పీకి, బ్లేడు పూర్తిగా కిందికి దించి, చెక్క మీద ఆనే బేస్ ప్లేటు అంచుకూ బ్లేడుకూ మధ్య దూరం ముందూ వెనకా కొలిచాను. 2 మిల్లీమీటర్ల తేడా! బ్లేడు ఒక దారి, ప్లేటు ఒక దారి. సరిచేద్దామంటే మరలు లేవు, రివెట్లు కొట్టేశారు. బ్లేడు వాలు చూపే కొలబద్దను సున్నా గీత దగ్గర పెట్టి, ప్లేటుకూ బ్లేడుకూ మూలమట్టం ఆనిస్తే అక్కడా సందు కనిపించింది. ఇది మాత్రం నా తప్పు కాదు నాన్నగారూ.

ఈ పేరా అమ్మకు చదివి వినిపించకండి. రెండు స్టూళ్ల మీద పెట్టిన పలక మధ్యలో కుంగి, కోసిన సందు మూసుకుపోయి బ్లేడును పట్టేసింది. రంపం ఒక్కసారిగా వెనక్కి తన్నింది. రెండు చేతులతో పట్టుకుని పక్కకు నిలబడ్డాను కాబట్టి గోడకు నొక్కు పడడంతో సరిపోయింది. ఆ తర్వాత దాన్ని వెనక్కి ఇచ్చేదాకా పలక కింద నిండుగా దుంగలు పరిచి, బ్లేడును చెక్క మందం కన్నా ఒక పన్ను లోతు మాత్రమే దించాను.

మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? చెల్లి ఉత్తరం రాసి రెండు నెలలయింది, కాస్త మందలించండి.

అమ్మినవాళ్లు "ఈ రకం ఇంతేనండీ" అన్నారు. కొలిచిన తేడా వాళ్ల ముందే మళ్లీ కొలిచి చూపించాను, మాట్లాడకుండా వెనక్కి తీసుకున్నారు. అలమరకు ఇంకా రెండు అరలు కోయాలి. చేతిరంపం ఒకటి అరువు తెచ్చుకున్నాను, మొద్దుగా ఉంది. దాని పళ్లు దిద్దడానికి ఆకురాయిని ఏ వాలులో పట్టాలో ఒక బొమ్మ గీసి పంపండి.

మీ అబ్బాయి