రాక్షసగుళ్ల మీద డోజర్ నడిపించకండి

సంపాదకుడు గారికి నమస్కారం. రాక్షసగుళ్లని మేము పిలిచే పాతకాలం సమాధుల గురించి రాస్తున్నాను.

మా నాయనది కమ్మరి పని. బడికి పోయేముందు తిత్తి లాగే పని నాదే, చేతులు గుంజేవి. అందుకే ఉరల్ కొండల దక్షిణాన, నాలుగు వేల ఏళ్ల కింద బతికిన సింతష్టా జనం గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను. వాళ్ల ఇళ్లల్లో కొలిమి బావి పక్కనే ఉండేదట, బావిలోని చల్లగాలి సన్నటి దారిలో నిప్పు కిందికి వచ్చేలా కట్టుకున్నారట. ఎంత తెలివి! ఆర్సెనిక్ కలిసిన రాగితో కంచు చేసి గొడ్డళ్లు, ఈటె మొనలు పోసుకున్నారు.

ఆకుల చక్రాల (నడుమ నుంచి అంచుదాకా పుల్లలు బిగించిన చక్రాల) రథాల్లో ఇప్పటిదాకా తెలిసినవాటిల్లో అన్నిటికంటే పాతవి వాళ్ల సమాధుల్లోవే. అయితే రథం దొరకలేదండీ, కట్టె ఎప్పుడో మట్టయిపోయింది. చక్రం దిగడానికి గుంత అడుగున తీసిన గాళ్లు, వాటిల్లో చక్రం ఆకుల మరకలు మిగిలాయి, అంతే. మెల్లగా తవ్వారు కాబట్టి ఆ మరక కనబడింది.

మా ఊరి గుట్ట కింద రాక్షసగుళ్లు ఉండేవి. సింతష్టా అంత పాతవి కావు, ఇనుప యుగం సమాధులు, చుట్టూ గుండ్రంగా పెద్ద బండలు. పోయిన ఎండాకాలం ప్లాట్లు చేస్తామని ఒకాయన డోజర్ పెట్టించాడు, ఒక్క పూటలో చదునైపోయింది. నేను పోయేసరికి మట్టికుప్పలో బయట ఎరుపు, లోపల నలుపు ఉన్న కుండపెంకులు, పక్కన ఇనుప చిట్టెం గడ్డ. పెంకు చేతిలోకి తీసుకున్నాను. అది ఎవరి పక్కన పెట్టిన కుండో ఇక ఎవరూ చెప్పలేరు. ఊళ్లో అందరూ అడిగింది మాత్రం బంగారం ఏమన్నా దొరికిందా అని.

సింతష్టా వాళ్ల ఊరే ఆర్కాయిమ్, 1987లో బయటపడింది. అది రిజర్వాయర్‌లో మునగాల్సిన చోటు, శాస్త్రవేత్తలు పట్టుబడితే 1991లో రిజర్వాయర్‌నే ఆపేశారు. మనకు సాగర్ నీళ్లు కావాలి, ఆ నీళ్లతోనే పెరిగినవాణ్ణి, కాదనను. అయినా అప్పుడు కూడా నాగార్జునకొండలో 1954 నుంచి ఆరేళ్లు తవ్వి, దొరికినవి కొండమీదికి చేర్చాకే మునగనిచ్చారు. ప్లాట్ల కోసం ఆరు రోజులైనా ఆగలేమా?

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి, చాలా సంతోషం. పేరులేని మిగతా గుళ్లను కూడా సర్వే నంబర్లతో సహా రెవెన్యూ రికార్డులో రాయించి, పురావస్తు శాఖ వాళ్లు వచ్చి చూసి వెళ్లాకే లేఅవుట్‌కు పర్మిషన్ ఇవ్వాలని మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను. మా గుట్టకు అవతల ఇంకో నాలుగు మిగిలాయి.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా