ఒంట్లో వేడి కాదే, పిచ్చిదానా

ఒసేయ్ మొద్దూ,

నిన్న రాత్రి మెసేజ్ పెట్టి వెంటనే డిలీట్ చేశావు చూడు, అప్పటికే చదివేశాను. కింద ఒకటే దురద, తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది, అత్తయ్యకి ఎలా చెప్పను అని కదా. ఫోన్ చేస్తే పక్కన ఎవరో ఒకరుంటారు, నువ్వు ఊ ఊ అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా, ఒక్కదానివే ఉన్నప్పుడు చదువుకో.

మా బుడ్డోడు కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇదే గోల. ఆరో నెల, ఏప్రిల్ ఎండలు, పుట్టింట్లో ఉన్నాను. విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా తెల్లబట్ట, రాత్రిళ్ళు నిద్ర పట్టనంత దురద. అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది, ఒంట్లో వేడి అని. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ, ఏది ఇస్తే అది తాగాను, దురద మాత్రం అంగుళం కదల్లేదు. దానికి తోడు నా తెలివి ఒకటి, శుభ్రంగా ఉంటే తగ్గుతుందని రోజుకి నాలుగైదు సార్లు సబ్బు పెట్టి కడిగేదాన్ని. దాంతో మంట కూడా మొదలైంది.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే ఆవిడ నవ్వి, సబ్బు మానెయ్ అంది ముందు. అక్కడ మంచి బాక్టీరియా ఉంటుందట, లాక్టోబాసిల్లై అని, పెరుగు పులిసినట్టే అది లాక్టిక్ యాసిడ్ తయారు చేసి ఆ చోటంతా పుల్లగా ఉంచుతుంది, పులుపుని కొలిచే పీహెచ్ లెక్కలో మామూలుగా 3.8 నుంచి 4.5 మధ్య. ఆ పులుపే మనకి కాపలా. సబ్బులూ, ఘుమఘుమలాడే వాష్‌లూ, లోపలికి నీళ్ళు కొట్టి కడగడాలూ ఆ కాపలానే తీసేస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి అక్కడ గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ కూడా ఎక్కువవుతుంది, ఈ దురద తెచ్చే ఈస్ట్ అనే ఫంగస్‌కి అది విందు భోజనం. కాబట్టి నువ్వు మురికిగా ఉన్నందువల్ల వచ్చింది కాదు, సిగ్గుపడకు. అసలు పల్చగా, వాసనా దురదా లేకుండా కాస్త ఎక్కువ తెల్లబట్ట అవడం ఈ నెలల్లో మామూలే.

తర్వాత ఆవిడ అడిగినవి విను. ఈ మధ్య యాంటీబయాటిక్ వాడావా అంది. వాడాను, అంతకు నెల ముందే యూరిన్ ఇన్ఫెక్షన్‌కి. ఆ మాత్రలు చెడ్డ బాక్టీరియాతో పాటు మంచిదాన్నీ ఊడ్చేస్తాయి, ఖాళీ దొరికితే ఈస్ట్ చేరుతుంది. షుగర్ ఎక్కువున్నా ఈస్ట్ పెరుగుతుందట, అందుకే షుగర్ చూపించుకున్నావా అంది. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీశారు, 140 లోపు ఉండాలట, నాకు 162! ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు, నాకేంటని ఏడ్చాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ దురదే నయం అనిపిస్తుంది, అది లేకపోతే నేను మామిడిపళ్ళు బుట్టలు బుట్టలు లాగించేస్తూ కూర్చునేదాన్ని.

మందు దగ్గర మాత్రం జాగ్రత్త. అంతకు ముందే మా ఆయన మెడికల్ షాపుకెళ్ళి అడిగితే ఒక్కటి వేస్తే చాలని మాత్ర ఇచ్చాడు. అదృష్టం, వేసుకోలేదు. అది ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు, కడుపుతో ఉన్నప్పుడు నోటి ద్వారా వద్దంది డాక్టరమ్మ. లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ 7 రోజులు ఇచ్చింది, తగ్గిపోయింది.

ఇంకో కథ, మా తోటికోడలిది. ఆమెకి దురద లేదు, బూడిద రంగులో పల్చగా, చేపల వాసన. నా దగ్గర మిగిలిన మందు అడిగి వాడింది, ఏమీ పనిచెయ్యలేదు, ఎలా చేస్తుంది, ఆమెది ఈస్ట్ కాదు, బాక్టీరియల్ వజైనోసిస్, అంటే అక్కడ మంచి బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం. దానికి మెట్రోనిడజోల్ ఇచ్చారు. ఆమెకి మొదటి కాన్పు ఎనిమిదో నెలలోనే అయింది, ఈ ఇన్ఫెక్షన్‌కీ నెలలు నిండకుండా కాన్పవడానికీ సంబంధం ఉంది కాబట్టి ఆమె విషయంలో ఇంకాస్త జాగ్రత్త తీసుకున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ అలా అవుతుందని కాదు, టెన్షన్ పడకు. అదే పచ్చగా నురగలా వస్తే ట్రైకోమోనాస్ అనే, కలయిక వల్ల అంటే పరాన్నజీవి కావచ్చు, అప్పుడు మీ ఆయన కూడా మందు మింగాలి, లేకపోతే మళ్ళీ నీకే అంటుకుంటుంది. (మింగమంటే ఎన్ని సాకులు చెప్తారో చూడు.)

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికైతే ఏ బాధా లేకపోయినా 36 వారాలు దాటాక గ్రూప్ బీ స్ట్రెప్ అనే బాక్టీరియా ఉందేమోనని దూదిపుల్లతో టెస్ట్ చేశారు. ఉందన్నారు, నొప్పులప్పుడు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించారు, బిడ్డకి అంటకుండా.

ఇన్ని రకాలున్నాయి, చూసి పోల్చుకోవడం మన వల్ల కాదే. గురువారం ఎలాగూ చెకప్ అన్నావుగా, అప్పటిదాకా ఏ క్రీమూ రాయకు, రాస్తే వాళ్ళు తీసే శాంపిల్ పాడవుతుంది. వదులు కాటన్ బట్టలు వేసుకో. నీళ్ళలా కారినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, పొత్తికడుపు పట్టేసినట్టున్నా మాత్రం గురువారం దాకా ఆగకుండా ఆ నిమిషమే హాస్పిటల్‌కి వెళ్ళు.

అత్తయ్యకి ఏం చెప్పాలంటావా, షుగర్ టెస్ట్ గురించి అడగాలని చెప్పి లోపలికి ఒక్కదానివే వెళ్ళు. ఎలాగూ అడగాల్సిందే కదా, అబద్ధం కూడా కాదు.

నీ
రాక్షసి