తలనొప్పిని అలసట అనుకోకు

మర్రిగూడ,
శనివారం రాత్రి

బిడ్డా,

మొన్న ఫోన్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా నడిచిపోతానని నువ్వు చెప్పినప్పుడు "సరే, చూద్దాం" అని పెట్టేశాను. కోపం వచ్చి కాదు. ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు కింద డేరాలు వేసుకునే ఆ చోటు ఎంత దూరమో, ఎంత ఎత్తో తెలియక ఏం మాట్లాడాలో తోచలేదు. తర్వాత పక్కింటి పిల్లాడిని కూర్చోబెట్టుకుని ఫోన్‌లో అంతా చూపించుకున్నాను. నడకే పోనూ రానూ సుమారు 130 కిలోమీటర్లు, పన్నెండు పద్నాలుగు రోజులు, ఎత్తు 5,364 మీటర్లు.

మీ అమ్మ మాత్రం "గా మంచుల దీనికేం పని" అంటూనే ఉంది. మన భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని నేర్చుకున్న పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా అన్నాను. "ఆ పిల్లకు నేర్పెటోళ్లున్నరు, దీనికెవరున్నరు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ ఉత్తరం.

నాకు కొండలు తెలియవు. ఎక్కిందల్లా దేవరకొండ ఖిల్లా, అదీ మోకాళ్లు వంగే రోజుల్లో. కానీ ఒళ్లు చెప్పే మాట వినకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

నాకు ముప్పై ఏళ్లున్నప్పుడు నడుము పట్టేసేది. బత్తాయి గంపలు మోస్తున్నాను కదా, అందుకే అనుకున్నాను. తెల్లారి లేస్తే మెడ బిగుసుకుపోయేది. తల కింద దిండు సరిగా లేదనుకున్నాను. చూపించుకున్న చోట వాతం అన్నారు, సూది వేసి పంపారు. నాలుగైదేళ్లు ఇంట్లో కూడా చెప్పలేదు. సంసారం మోసేవాడు నొప్పి, నొప్పి అంటే బాగుండదని. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదట. మన బోరులో అంతకు మించి ఉందని తెలిసేసరికి ఎముకలు గట్టిపడిపోయాయి. ఇప్పుడు ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిరగదు, ఒళ్లంతా తిప్పి చూడాలి. చిన్నప్పుడు నువ్వు అది చూసి నవ్వేదానివి. ముందే చెప్పుకుంటే నయమయ్యేదని కాదు, దానికి మందే లేదు. కనీసం ఆ నీళ్లు తాగడం మానేసేవాళ్లం.

అక్కడ ఎత్తు వల్ల నీకు వచ్చే తలనొప్పి కూడా అలాంటిదే. పొద్దంతా నడిచాను కదా, అలసటేలే అనిపిస్తుంది. వికారం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, అన్నిటికీ ఏదో ఒక సాకు దొరుకుతుంది. బేస్ క్యాంప్ దగ్గర ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో దాదాపు సగమేనట. ఒంటికి అలవాటు కావడానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రోజుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. అందుకే దారిలో నామ్చే బజార్‌లో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు ఊరికే ఆగుతారు. నీ టూర్ వాళ్ల కాగితంలో ఆ రెండు రోజులు ఉన్నాయో లేవో చూడు. ఆఫీసులో సెలవు దొరకలేదని వాటిలో ఒకటి కోసేస్తే మాత్రం అసలు పోకు. ఇందులో నేను బతిమాలను.

తల నొస్తే గైడ్‌కు చెప్పు. తగ్గేదాకా ఇంకా పైకి పోవద్దు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అర్ధరాత్రైనా సరే కిందికి దిగాలి. డబ్బులు కట్టాను కదా, తోటివాళ్లు ఏమనుకుంటారు అని చూడకు. ఈ ఎత్తు జబ్బుకు డయామాక్స్ అనే బిళ్ల ఉందట, డాక్టర్‌ను అడగకుండా వేసుకోకు.

సద్దుల బతుకమ్మ అయిన వారానికి ప్రయాణం అంటున్నావు, ఇంకా రెండు నెలలుంది. బూట్లు ఇప్పుడే కొను, బొటనవేలి ముందు కాస్త చోటు ఉండేలా చూసుకుని. అవి కరిచేదేదో ఇక్కడే కరవనీ. మీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఎక్కడం మానెయ్. ఎక్కడం గురించి అందరూ చెబుతారు, దిగేటప్పుడే మోకాలు పోతుంది. కాబట్టి మెట్లు దిగడం కూడా బరువుతోనే చెయ్, మొదట తక్కువ బరువుతో.

ఇంకొకటి. నేపాల్ విమానానికి ఆధార్ పనికిరాదు, పాస్‌పోర్ట్ కానీ ఓటరు కార్డు కానీ ఉండాలి. నీ ఓటరు కార్డు ఇక్కడే బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం కింద ఉంది.

దాని కోసమైనా వచ్చే ఆదివారం రా. ఇద్దరం దేవరకొండ పోదాం. నీ సంచిలో ఆరు కిలోల బత్తాయిలు వేస్తాను, మోసుకుంటూ ఖిల్లా ఎక్కి దిగు. పైన నలుగురికి పంచి బరువు దించుకున్నావంటే ఊరుకోను, కాయలు లెక్కపెట్టుకుంటాను. నేను కింద కోట తలుపు దగ్గర కూర్చుంటాను. వచ్చాక వెనకనుంచి పిలవకు, ముందుకొచ్చి పిలువు.

మీ నాయిన