కట్ట ఊట ఎర్రబడింది: ఇంజనీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజనీరు గారికి,

నమస్కారం. మీ పరిధిలోని రిజర్వాయరు మట్టికట్ట కింద మా ఊరు. మూడు అర్జీలిచ్చాం. రసీదులున్నాయి, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాయాల్సి వచ్చింది.

మట్టికట్టన్నాక కాస్త నీరు ఊరుతుందని మాకూ తెలుసు. తేటగా ఉన్నన్నాళ్లు ఎవరం మాట్లాడలేదు. ఇప్పుడు తూముకి కుడిపక్క ఊట ఎర్రగా వస్తోంది. స్టీలు గ్లాసులో పట్టి గంటసేపు ఉంచితే అడుగున మన్ను పేరుకుంది. కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందనే కదండీ!

చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట 2021 నవంబరు 19 తెల్లవారుజామున కొట్టుకుపోయింది. అక్కడ వరద పోటెత్తింది, మాది వేరే జబ్బు. అయినా ఆ నీళ్లు ముంచేసిన పులపుత్తూరు, మందపల్లి ఊళ్ల పేర్లు గుర్తొస్తే ముసురు రాత్రుళ్లు ఒకటే టెన్షన్. మా అమ్మ పాసుపుస్తకాలు కవర్లో చుట్టి తలకింద పెట్టుకుని పడుకుంటోంది.

2021 డ్యామ్ భద్రత చట్టం పెద్ద డ్యాములకు వానలకు ముందూ తర్వాతా తనిఖీ చేయమంటోంది. మా కట్ట తనిఖీ నివేదిక పంచాయతీలో అతికించండి. ఈ వారంలోనే స్వయంగా వచ్చి ఊట చూడండి. మన్ను ఆగి నీరు మాత్రమే బయటికొచ్చేలా ఊట మీద ఇసుక, కంకరతో ఫిల్టరు వేయించండి. అప్పటిదాకా నీటిమట్టం తగ్గించండి. రబీకి నీళ్లు తగ్గినా సర్దుకుంటాం.

గ్లాసు మా అరుగు మీదే ఉంచాం.

ఇట్లు,
కట్ట కింది రైతు