సాల్సా నేర్పిన అక్కకు కృతజ్ఞతలు

కడప నుంచి అమెరికాలోని శాన్ డియాగోకు చదువుకోవడానికి వెళ్లిన నాకు, పసిఫిక్ తీరాన సాయంత్రాల్లో సాల్సా నృత్యం నేర్పిన అనంతపురం అక్కకు మనఃపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను; పేరు రాయవద్దని ఆమే కోరారు. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు లెక్కలకు అడుగు వేసి, నాలుగుకూ ఎనిమిదికీ ఆగాలని అరచేత్తో తాళం వేస్తూ చెప్పి, ఒంటి బరువు పూర్తిగా ఒక కాలి మీదికి రాకముందే నేను రెండో కాలు ఎత్తేస్తున్నానని గమనించి, పాట ఆపి, మోకాలు మెల్లగా వంచి మళ్లీ మళ్లీ చూపించిన ఆమె ఓర్పుకు నా నమస్కారాలు. క్యూబా సంగీతపు మూలాలతో న్యూయార్క్‌లో ఎదిగిన సాల్సానే కాక, 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన డొమినికన్ రిపబ్లిక్ నృత్యం బచాటాను కూడా ఆమె ఎంతో గౌరవంగా పరిచయం చేశారు. ఇంటి మీద బెంగతో గదికే పరిమితమైన నన్ను నలుగురిలోకి తీసుకొచ్చినందుకు మా ఇంటిల్లిపాదీ ఆమెకు రుణపడి ఉన్నాం. ఈసారి అనంతపురం వచ్చినప్పుడు కడప దాకా వచ్చి, మా ఇంట భోంచేసి వెళ్లాలని అమ్మ మరీ మరీ చెప్పమంది.